సాధనకూ పథ్యమున్నది

“అభ్యాసం కూసు విద్య” అన్న సామెతను వినకుండా పెరిగిన తెలుగు విద్యార్థి ఉండడు. మన ఉర్దూ విభాగపు మిత్రులు ఇదే భావాన్ని “రియాజ్” అన్న ఒక్క మాటలో ఇముడుస్తారు. అరబ్బీ మూలం నుండి ఉర్దూలోనికి వచ్చిన ఆ మాటలో వ్యాయామం, నిష్ఠతో చేసే శ్రమ అన్న రెండర్థాలూ కలిసి ఉన్నవి. వాద్యం ప్రతిదినం పలకరించవలసిన బంధువు వంటిది. పలకరింపు మానుకొన్న ఇంటికి బంధువు రాకపోకలు తగ్గించినట్లే, అలవాటు తప్పిన చేతికి వాద్యం కూడా ముఖం చాటు చేస్తుంది. ఇంతవరకు ఎవరికీ భిన్నాభిప్రాయం ఉండదు. అయితే శరీరానికి ఒక చిన్న శస్త్రచికిత్స జరిగి, కుట్లు ఇంకా పచ్చిగా ఉన్న రోజులలో ఈ పలకరింపు ఏ విధంగా సాగవలెనన్న చోటనే చిక్కు వస్తున్నది. ఆ చిక్కును గూర్చి విద్యార్థులతోను, కళాశాల కమిటీ పెద్దలతోను నాలుగు మాటలు చెప్పుకొనుటకే ఈ వ్యాసం.

కిందటి వార్షికోత్సవం నాటి సంగతి. మన విద్యార్థి బృందంలో క్లారినెట్టు వాయించే ద్వితీయ సంవత్సరపు కుర్రవానికి, ఉత్సవానికి సరిగా 11 రోజుల ముందు, మన పల్లెలలో “ఇరవైనాలుగు గంటల నొప్పి” అని పిలిచే అపెండిసైటిస్‌కు ఆపరేషన్ జరిగింది. “కుట్లు విప్పి నాలుగు రోజులైనా కాలేదు, అయినా కళాశాల గౌరవం కొరకు వచ్చి నిలిచాడు” అని వేదికమీద ప్రకటించగానే సభ యావత్తూ చప్పట్లతో మారుమ్రోగింది. నేనూ కొట్టాను. కార్యక్రమం ముగిసిన పిదప తెరవెనుకకు వెళ్లి చూతును గదా, ఆ అబ్బాయి వాద్యాన్ని పక్కన పెట్టి, రెండు చేతులతో పొట్ట అదిమిపట్టుకొని, బల్లమీద ముందుకు వంగి కూర్చున్నాడు. “నొప్పిగా ఉన్నదా నాయనా?” అని అడిగాను. “లేదు సార్, కొంచెం ఆయాసం, అంతే” అన్నాడు. అది అబద్ధమని నాకు వెంటనే తెలిసిపోయింది. నా ఇరవైరెండవ ఏట నేను చెప్పిన అబద్ధం కూడా అక్షరాలా అదే.

ఆ అబ్బాయికి తరువాత ఏ ప్రమాదమూ కలుగలేదు. అది అదృష్టం. అదృష్టాన్ని ఆచారంగా మార్చుకొనరాదని చెప్పుటకు నా కథ కొంత చెప్పుకొనక తప్పదు.

మాది సన్నాయి ఇల్లు. తీరాంధ్రంలో, ముఖ్యంగా నెల్లూరు, ప్రకాశం, గుంటూరు సీమలలో, దూదేకుల కుటుంబాలు అనేకం తరతరాలుగా నాదస్వర విద్యను పోషించినవి. గుడిలో సుప్రభాత సేవకైనా, పందిట్లో మాంగల్యధారణకైనా, సన్నాయి పట్టిన చేయి ఏ మతస్థునిదని అడిగిన వారు మా చిన్ననాట లేరు. ఒంగోలు సమీపంలోని కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా సాహెబు గారు ఈ సంప్రదాయానికి శిఖరం వంటివారు. మా మేనమామ ఆయన పేరు పలికేటప్పుడు చేతిలోని పని ఆపి పలికేవాడు. నేను కళాశాలలో చదువుకొంటూనే ముహూర్తాల కాలంలో మామకు జోడుగా వాయించేవాణ్ణి. సన్నాయి సాధారణంగా జోడుగా సాగే వాద్యం. ఒకరు రాగాన్ని విస్తరిస్తుంటే మరొకరు నిలబెడతారు. ఒకరు ఊపిరి తీసుకొనే చోట మరొకరు అందుకొంటారు. ఒకరు లేకుంటే మేళం సగమవుతుంది, సంభావన కూడా సగమవుతుంది.

1980ల నడుమ ఒక వేసవిలో నాకు హెర్నియా ఆపరేషన్ అయినది. వైద్యులు పది పన్నెండు రోజులు విశ్రాంతి తీసుకొమ్మని, బరువులెత్తవద్దని, తరువాత మెల్లగా మామూలు పనులు చేసుకొనవచ్చునని చెప్పారు. వారి కాగితంలో నా వృత్తి “విద్యార్థి” అని ఉన్నది. వారి దృష్టిలో నా మామూలు పనులంటే చదువుట, వ్రాయుట, నడచుట. నేను సన్నాయి ఊదుతానని వారితో చెప్పలేదు. చెప్పవలసిన విషయమన్న ఆలోచన కూడా నాకు రాలేదు. దోషం పూర్తిగా నాదే.

వైశాఖ ముహూర్తాలు వచ్చినవి. అల్లూరు దాటి సముద్రం వైపునున్న ఒక పల్లెలో పెండ్లి. మామకు జోడు దొరకలేదు. “నేను వస్తాను మామా, నొప్పి లేదు” అన్నాను. రాత్రి ఎదురుకోలులో నెమ్మదిగా వాయించి నెట్టుకొచ్చాను. తెల్లవారుజామున మాంగల్యధారణ వేళ పురోహితుడు చేయెత్తి “గట్టిమేళం” అన్నాడు. గట్టిమేళమంటే తెలిసినదే గదా! ఆ క్షణంలో పందిట్లో మరే శబ్దమూ వినబడరాదు. డోళ్లు ఉధృతంగా సాగుతుండగా ఉన్న ఊపిరినంతా బిగబట్టి ఊదాను. పొత్తికడుపులో ఎక్కడో నూలుపోగు తెగినట్లు అనిపించింది. “ఏమిరా?” అన్నాడు మామ కళ్లతోనే. “కొంచెం ఆయాసం” అన్నాను. వారం తిరిగేసరికి అదే చోట మళ్లీ ఉబ్బు కనిపించింది. రెండవసారి ఆపరేషన్ బల్ల ఎక్కవలసి వచ్చింది. ఒక్క పెండ్లి సంభావన కొరకు రెండు ముహూర్తకాలాలు పోగొట్టుకొన్నాను. ఆ రెండు కాలాలూ మామ అరువు జోడుతో తిరిగాడు.

రెండవసారి ఇంటికి వచ్చిన తరువాత నేను వ్యతిరేకపు కొసకు పోయాను. సన్నాయిని గుడ్డలో చుట్టి అటకమీద పెట్టించాను. “ఆరు నెలలు దాని ముఖం చూడను” అన్నాను. మామ నా మంచం పక్కన ముక్కాలిపీట వేసుకొని కూర్చుని అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉన్నది: “ఒరే అల్లుడూ, డాక్టరు నిన్ను కారం మానమన్నాడు. అన్నం మానమన్నాడా?”

ఈ వ్యాసంలో నేను చెప్పదలచినదంతా ఆ ఒక్క మాటలోనే ఉన్నది. పథ్యమంటే ఉపవాసం కాదు. పథ్యం చేసే రోగి తింటాడు. తినదగినది తింటాడు, తినదగినంత తింటాడు. ఉర్దూలో “పరహేజ్” అన్నా ఇదే భావం. శస్త్రచికిత్స తరువాత సాధనకు కూడా ఇటువంటి పథ్యమే కావలెను. ఊదుట కారం వంటిది. రాగం, తాళం, స్వరజ్ఞానం అన్నం వంటివి. కారం కొంతకాలం మానవచ్చు, అన్నం మాననక్కరలేదు.

మామ ఆ పథ్యాన్ని ఎట్లు వడ్డించాడో చెబుతాను. మొదటి వారం వినుటే పని. రేడియోలో విజయవాడ, మదరాసు కేంద్రాల నాదస్వర కచేరీలు, ఇరుగుపొరుగు నుండి అడిగి తెచ్చిన క్యాసెట్లు. విన్న తరువాత ఏ స్వరం మీద ఎంతసేపు నిలిచాడు, ఏ సంగతి ఎన్నిసార్లు తిరిగి వచ్చిందో నేను చెప్పవలెను. రెండవ వారం లోగొంతుకతో స్వరాలు పాడుట, తొడమీద మెల్లగా తాళం వేయుట. ఆ తరువాత నోట పెట్టుకొనే పుల్ల తీసివేసిన ఉత్త సన్నాయిని చేతికిచ్చాడు. ఊపిరి లేకుండా, శబ్దం లేకుండా, ఏడు రంధ్రాల మీద వ్రేళ్లు మాత్రమే నడిపించవలెను. మనసులో స్వరం వినబడవలెను. మొదట నాకు నవ్వు వచ్చింది. మూడు రోజులలో నవ్వు పోయి సిగ్గు వచ్చింది. సగం రంధ్రం మూసి పలికించవలసిన గమకాలను ఇంతకాలం నేను వ్రేళ్లతో పలికించలేదని, ఊపిరి బలంతో దొర్లించివేస్తున్నానని అప్పుడు తెలిసివచ్చింది. గట్టిగా ఊదినన్నాళ్లు నాకు వినబడని నా తప్పు, ఊదుట మానిన తరువాతనే వినబడింది.

వైద్యుని అనుమతి వచ్చిన తరువాత కూడా మామ తొందరపడలేదు. ముందు ఉత్త పుల్లను మాత్రమే నోట పెట్టించి మెత్తగా పలికించాడు. తరువాత కుర్చీలో కూర్చోబెట్టి కింది స్థాయి స్వరాలు ఐదు నిమిషాలు, కొద్ది రోజులకు పది నిమిషాలు. తారస్థాయి చివరకు. గట్టిమేళం అన్నింటికన్న చివరకు. తిరిగి పందిట్లో నిలిచిన నాడు నా ఊపిరి మునుపటికన్న తక్కువగానే ఉండెను గాని, నా తోడి రాగం మునుపటికన్న మెరుగైనదని మామ పదిమందిలో అన్నాడు.

ఇది ఒక ఇంటి అనుభవం మాత్రమేనని కొందరు అనవచ్చు. కావున బయటి సాక్ష్యాలు రెండు చెబుతాను. 1995లో అమెరికాలో ఆల్వారో పాస్కువల్-లియోనె అనే వైద్యశాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఒక పరిశోధనను ప్రకటించారు. పియానో రాని కొందరికి అయిదువ్రేళ్ల పాఠమొకటి ఇచ్చి, ఒక బృందం చేత రోజుకు 2 గంటల చొప్పున 5 రోజులు వాద్యంమీద వాయింపజేశారు. మరొక బృందాన్ని వాద్యం ముందు కూర్చోబెట్టి, వ్రేళ్లు కదపకుండా అదే పాఠాన్ని మనసులో మాత్రమే అంతసేపు వాయించుకొమ్మన్నారు. వ్రేళ్లను నడిపించే మెదడు భాగంలో వచ్చిన మార్పు రెండు బృందాలలోను ఒకే తీరుగా కనిపించింది. వాయింపులో మాత్రం మనోసాధన చేసిన వారు అయిదవ రోజుకు, తక్కిన వారు మూడవ రోజున ఉన్న చోటికి చేరారు. అయితే ఆ తరువాత ఒక్క 2 గంటలు వాద్యంమీద సాధన చేయగానే మొదటి బృందంతో సమానులైనారు. మనసులో చేసిన సాధన వృథా కాదనుటకు, అదొక్కటే చాలదనుటకు కూడా ఇంతకన్న స్పష్టమైన నిదర్శనం అక్కరలేదు.

రెండవ సాక్ష్యం పాల్ విట్‌గెన్‌స్టైన్ అనే ఆస్ట్రియా పియానో విద్వాంసునిది. 1914లో మొదటి ప్రపంచయుద్ధం ఆరంభంలోనే గాయపడి కుడిచేతిని కోల్పోయి, శత్రువులకు బందీగా చిక్కి, సైబీరియాలోని ఓమ్‌స్క్ పట్టణానికి చేరాడు. అక్కడ ఒక చెక్కపెట్టెమీద బొగ్గుతో పియానో మెట్లు గీసుకొని, మిగిలిన ఎడమచేతితో వాటిమీద గంటల తరబడి సాధన చేశాడు. ఆయన కొరకే ఫ్రెంచి స్వరకర్త రావెల్ ఎడమచేతికి మాత్రమే ఉద్దేశించి ఒక కృతి రచించగా, 1932లో వియన్నాలో ఆయనే దానిని తొలిసారి వాయించాడు. ఆయనది చిన్న శస్త్రచికిత్స కాదు, మహావిపత్తు. అంతటి విపత్తులోనే శబ్దం లేని చెక్కపెట్టె పనికివచ్చినప్పుడు, పదిహేను రోజుల విశ్రాంతికి మన మనోసాధన పనికిరాదనుట న్యాయమా?

ఇక శరీరం మాట. నేను వైద్యుణ్ణి కాను. అయినా వాద్యం పట్టే ప్రతి విద్యార్థి తెలుసుకొని ఉండవలసిన సంగతులు కొన్ని ఉన్నవి. కుట్లు విప్పినంత మాత్రాన గాయం మానినట్లు కాదు. వైద్య పాఠ్యగ్రంథాలలో చెప్పే ప్రకారం, మొదటి వారాంతానికి చర్మపు గాయానికి వచ్చే బలం సహజమైన బలంలో సుమారు 10వ వంతు మాత్రమే. 3 నెలలు గడిచిన తరువాత అది 70, 80 శాతానికి చేరుతుంది. పైకి గీతలాగ కనిపించే మచ్చ కింద లోపలి పొరలు ఇంకా అతుకుకొనే పనిలోనే ఉంటవి. మన కన్ను చూచేది పై మచ్చను. ఊపిరి ఒత్తిడి పడేది లోపలి పొరమీద.

“చిన్న ఆపరేషన్” అన్న మాట కూడా మనలను మోసగిస్తుంది. వైద్యుని లెక్కలో చిన్నదైనది వాద్యకారుని లెక్కలో పెద్దది కావచ్చు. ఏ అవయవానికి జరిగింది, ఏ వాద్యానికి ఆ అవయవంతో పని ఎంత అన్నది చూడవలెను. పొట్టమీద జరిగిన శస్త్రచికిత్సకు సన్నాయి, క్లారినెట్టు, ట్రంపెట్టు వంటి గాలివాద్యాలు ప్రతికూలం. గట్టిగా ఊదినప్పుడు కడుపులో పుట్టే ఒత్తిడి, బరువెత్తేటప్పుడో దగ్గేటప్పుడో పుట్టే ఒత్తిడి వంటిదే. డోలుకు ఊపిరితో పని లేకున్నను, దాని బరువు మోయుట ఉన్నది. వీణ, వయొలిన్ వాయించేవారు అదే శస్త్రచికిత్స తరువాత త్వరగానే వాద్యం పట్టవచ్చును గాని, నేలమీద మఠం వేసుకొని కూర్చొనుటలోను, లేచుటలోను పొట్టకు పని పడుతుంది. హార్మోనియం వాయించేవారు పెట్టెను బల్లమీద పెట్టుకొని కుర్చీలో కూర్చొనుట మేలు. ఆ పెట్టెను ఎత్తి పెట్టుట మాత్రం మరొకరి పని.

పన్ను తీయించుకొనుటను మనమెవ్వరమూ ఆపరేషన్‌గా లెక్కించము. కాని పన్ను ఊడిన గుంటలో గడ్డకట్టిన రక్తమే ఆ గాయానికి మూత. అది కదిలిపోతే విపరీతమైన నొప్పి పుడుతుంది. గట్టిగా ఉమ్మవద్దని, గొట్టంతో పానీయాలు పీల్చవద్దని దంతవైద్యులు చెప్పుటకు కారణమదే. ఊదుట కూడా ఆ కోవలోనిదే. గాలివాద్యాలవారు దంతవైద్యుణ్ణి ప్రత్యేకంగా అడిగిన తరువాతనే పుల్ల నోట పెట్టవలెను. మన ఇండ్లలోని పెద్దవారికి జరిగే కంటిశుక్లం ఆపరేషన్ సంగతీ ఇంతే. ఓబో, ట్రంపెట్టు వంటి వాద్యాలను గట్టిగా ఊదినప్పుడు కంటిలోని ఒత్తిడి పెరుగుతుందని పరీక్షలలో తేలినది. మన సన్నాయి కూడా ఓబో వలె జంటపుల్లతో పలికే వాద్యమే. కనుక కంటి ఆపరేషన్ చేయించుకొన్న తాతగారిని మనుమని పెండ్లికి “ఒక్క కీర్తన వాయించు తాతా” అని బలవంతపెట్టేవారు ఒకటికి రెండుసార్లు ఆలోచించవలెను.

వ్రేళ్లకు, అరచేతికి జరిగే శస్త్రచికిత్సల తీరు వేరు. అక్కడ వ్రేళ్లు బిగుసుకొనిపోకుండా మొదటి రోజులనుండే మెల్లగా కదలించమని వైద్యులే చెప్పుట కద్దు. కదలించుట వేరు, తబలామీద దెబ్బ వేయుట వేరు. తబలా, మృదంగం వాయించే విద్యార్థులకు మన సంప్రదాయం ఒక గొప్ప వరమిచ్చింది. నోటితో చెప్పలేని జతిని చేయి వాయించలేదు గదా! హిందుస్తానీ వారు బోల్ అంటారు, మనవారు సొల్లుకట్టు అంటారు. చేతికి కట్టు ఉన్నన్నాళ్లు నోరు వాయించవచ్చును.

నేడు శస్త్రచికిత్సా విధానాలు చాలా మారినవన్నది నిజం. నా కాలంలో హెర్నియాకు ఎక్కువగా కండను దారంతో దగ్గరకు లాగి కుట్టేవారు. ఇప్పుడు వల వంటి తొడుగును అమర్చుట పరిపాటి అయినది. చిన్న రంధ్రాల గుండా గొట్టాలు పంపి చేసే ఆపరేషన్లు వచ్చినవి. నడకను, నిత్యకృత్యాలను వైద్యులు మునుపటికన్న ఎంతో త్వరగా అనుమతిస్తున్నారు. ఇది సంతోషించవలసిన విషయమే. అయితే ఎంత త్వరగా వాద్యం ఊదవచ్చునన్న ప్రశ్నకు అందరికీ ఒకే సమాధానం లేదు. ఆపరేషన్ చేసిన వైద్యుడే చెప్పవలెను. చెప్పవలెనంటే మనం అడుగవలెను. “బరువులెత్తవచ్చునా?” అని అడుగుతాము. “సన్నాయి ఊదవచ్చునా?” అని అడుగము. వీలైతే వాద్యాన్ని వెంట తీసుకొనిపోయి చూపండి. ఎంత బలంగా ఊదవలసి ఉంటుందో, ఎంతసేపు నిలబడవలసి ఉంటుందో వివరించండి. మళ్లీ మొదలుపెట్టిన తరువాత గాయం వద్ద ఉబ్బు గాని, ఎరుపు గాని, చీము గాని, జ్వరం గాని కనిపిస్తే ఆ పూటే వాద్యం దించి వైద్యుని వద్దకు వెళ్లండి. “కొంచెం ఆయాసం” అని మాత్రం చెప్పకండి.

నా వాదానికి రెండు వైపుల నుండి ఆక్షేపణలు వస్తవి. “ఇంత గొడవ ఎందుకు, నెల రోజులు పూర్తిగా మానివేస్తే పోదా?” అన్నది మొదటిది. వినుటకు క్షేమంగానే ఉన్నది. కాని పూర్తిగా మానిన వాడే తిరిగి వచ్చిన మొదటి రోజున తొందరపడతాడు. పోగొట్టుకొన్న నెలను ఒక్క పూటలో సంపాదించవలెనన్న ఆత్రం వానిని తరుముతుంది. మనసుతో, చెవితో, వ్రేళ్లతో సాధన సాగించినవానికి ఆ ఆత్రం ఉండదు. తాను ఏమీ పోగొట్టుకొనలేదని వానికి తెలుసు. పెదవుల పట్టు, ఊపిరి బలం తగ్గుతవన్నది వాస్తవం. అవి తలపుతో నిలిచేవి కావు. నెమ్మదిగా మళ్లీ కూడబెట్టుకొనవలసినవే.

రెండవ ఆక్షేపణ మరింత బరువైనది. “ముహూర్తాలు ఎవరి కొరకూ ఆగవు. పూట గడవవలసిన వానికి పథ్యం చెప్పుట సులభం” అంటారు. ఈ మాటకు నేను తలవంచుతాను. నన్ను ఆ పందిట్లో నిలబెట్టినది కళాభిమానం కాదు, ఇంటి అవసరం. అయితే లెక్క కూడా చూడవలెను గదా! ఒక్క ముహూర్తపు ఆశ నాకు రెండు కాలాల నష్టం తెచ్చింది. అత్యవసరం కాని శస్త్రచికిత్సను వైద్యుని సలహాతో మూఢంలోనో, ముహూర్తాలు లేని ఆషాఢంలోనో చేయించుకొనుట ఒక ఉపాయం. ఒకరు మంచానపడితే మరొకరు జోడుగా నిలిచి, సంభావనలో కొంత ఆ ఇంటికి పంపుట మరొక ఉపాయం. మా మామ తన చివరి రోజుల వరకు ఇతరుల విషయంలో ఇట్లే చేశాడు. ఇది దానం కాదు. నేడు నీకు, రేపు నాకు అన్న బదులు.

షేక్ చినమౌలానా గారి జీవితంలో నన్ను అన్నింటికన్న ఆకర్షించే ఘట్టం ఇక్కడ చెప్పదగినది. ఆంధ్రదేశంలో అప్పటికే పేరున్న విద్వాంసుడై యుండి, తంజావూరు బాణీ మీది మక్కువతో ఆయన తమిళదేశానికి పోయి నాచ్చియార్‌కోయిల్ సోదర విద్వాంసుల వద్ద మళ్లీ శిష్యుడైనాడు. తరువాత శ్రీరంగంలో స్థిరపడి ఎందరికో గురువైనాడు. 1977లో పద్మశ్రీ, 1998లో మదరాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి ఆయనను వరించినవి. 1999లో ఆయన కన్నుమూశారు. ఆయన శిష్యులైన షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించింది. అంతటి విద్వాంసుడు వచ్చిన విద్యను పక్కనపెట్టి మళ్లీ వినుటతో, మళ్లీ నేర్చుకొనుటతో మొదలుపెట్టుటకు సంకోచించలేదు. పదిహేను రోజులు వాద్యం దించి సరళీస్వరాలు లోగొంతుకతో పాడుకొనుటకు మనకెందుకు చిన్నతనం?

ఇక కళాశాల కమిటీ వారికి నా విన్నపాలు. మొదటిది: అస్వస్థుడైన విద్యార్థి స్థానాన్ని బృందంలో మరొకరికి శాశ్వతంగా ఇచ్చివేయరాదు. స్థానం పోతుందన్న భయమే కుర్రవాళ్లను కుట్లతో వేదిక ఎక్కిస్తున్నది. రెండవది: సంగీతపు గదిలో ఒక మంచి కుర్చీ వేయించి, వాయించలేని విద్యార్థి కూడా అభ్యాసానికి వచ్చి కూర్చుని, తాళం వేసి, విని వెళ్లుటకు అవకాశమియ్యవలెను, దానిని హాజరుగా లెక్కించవలెను. మూడవది: గ్రంథాలయంలో నాదస్వరం, షెహనాయి, వీణ, సితారు మొదలైన వాద్యాల ధ్వనిముద్రణలను సేకరించి, ఇంట్లో విశ్రాంతిలో ఉన్నవారికి ఇచ్చే ఏర్పాటు చేయవలెను. నాల్గవది: శస్త్రచికిత్స చేయించుకొన్న విద్యార్థి తిరిగి వేదిక ఎక్కుటకు ముందు, అతని వాద్యం పేరును పేర్కొంటూ వైద్యుడు వ్రాసిన కాగితం ఉండవలెను. “ఆరోగ్యంగా ఉన్నాడు” అన్న మాట చాలదు. ఈ నాలుగింటిలో ఏదియు పెద్ద ఖర్చుతో కూడినది కాదు.

అయిదవది ఖర్చే లేనిది. కాని అన్నింటికన్న కష్టమైనది. వేదికమీద నుండి “కుట్లతోనే వాయిస్తున్నాడు” అని ఇకమీదట ఎవరినీ పొగడరాదు. మనం చప్పట్లు కొట్టిన ప్రతిసారీ, తరువాతి సంవత్సరం మరొక కుర్రవానికి నొప్పి దాచుకొనుట నేర్పుతున్నాము. నేను కొట్టిన చప్పట్లకు ఆ క్లారినెట్టు విద్యార్థిని వెదకి పట్టుకొని క్షమాపణ చెప్పుకొన్నాను. అతడు నవ్వి, “మరి అప్పుడు నేను రానంటే మీరు ఏమనేవారు సార్?” అని అడిగాడు. నావద్ద సమాధానం లేకపోయింది. ఈ వ్యాసమే ఆ సమాధానమనుకొమ్మని అతనికి మనవి చేస్తున్నాను.

వచ్చే వార్షికోత్సవంలో అట్టి విద్యార్థి ఎవరైనా ఉంటే, వానికి వేదిక పక్కన ఒక కుర్చీ వేయండి. వాద్యం ఒడిలో పెట్టుకొని, ఊదకుండా, వ్రేళ్లు మాత్రం కదలిస్తూ కూర్చోనీయండి. చూచేవారికి అతడు ఊరక కూర్చున్నట్లే కనిపించవచ్చు. అతడు సాధనలో ఉన్నాడని మనకు తెలిస్తే చాలును. విజ్ఞులైన కమిటీ వారు ఆలోచింతురు గాక.